మసిగుడ్డ పట్టని చెయ్యి

నవంబరు తొమ్మిదో తారీఖు. ఆ మధ్యాహ్నం కొండ మీది విడిది బంగళాలో పెద్దలు తిన్నది పొగలు కక్కే అన్నం, పప్పు, కోడిగుడ్ల కూర, కాస్త పులిసిన పెరుగు. పెరుగు నోట పెట్టుకుని బోర్డాయన ముక్కు చిట్లించిన సంగతి వంటావిడకు ఇప్పటికీ గుర్తే. అయితే ఆ తారీఖు ఆమె మనసులో నాటుకుపోవడానికి కారణం పెరుగు కాదు, ఆ రోజు గోడకు కొట్టిన బోర్డూ కాదు. పప్పుగిన్నె.

బోర్డాయన అసలు పేరు ఆమెకు తెలియదు. పెద్ద ఆఫీసరని మాత్రం తెలుసు. జీపు దిగుతూనే మనిషిని పలకరించకుండా "బోర్డు జాగ్రత్తరోయ్!" అని కేకేశాడు కాబట్టి అక్కడికక్కడే ఆ పేరు పెట్టేసింది. నీలం రంగు మీద తెల్ల అక్షరాలు: 'కుష్టు లేని కొండకు స్వాగతం'. రంగు ఇంకా ఆరలేదు. దించేటప్పుడు ఎవరి బొటనవేలో పడి 'లేని' అన్న మాట అలుక్కుపోయింది.

"చదవడానికి వస్తోందా?" అన్నాడు బోర్డాయన.

"దూరం నుంచి వస్తుంది సార్" అన్నాడు ఫోటోలు తీసేవాడు.

"దూరం నుంచే కదా చదివేది."

ఆయన వ్యవహారమంతా దూరం నుంచే. రోడ్డు బంగళా దగ్గర ఆగిపోతుంది. ఊళ్లన్నీ ఆ పైన, గుట్ట దాటి, కాలినడకన వెళ్లాల్సిన చోట ఉన్నాయి. ఆయన వరండాలో నిలబడి, నల్లకళ్లద్దాలు తీసి, అటు చూశాడు.

"ఆ పొగలు కనిపిస్తున్నవేనా ఊళ్లు?"

"అవేనండి" అన్నాడు వాచ్‌మన్.

"చాలా బాగున్నాయి" అని కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. దాంతో కొండ తనిఖీ పూర్తయింది. ఇక భోజనాలు.

గుమ్మం పక్క నిలబడి ఇదంతా చూస్తున్న వంటావిడకు నవ్వొచ్చింది. ఆమెకు ఈ పట్నంవాళ్లంటే మొదటినుంచీ చులకన. కాఫీ గ్లాసు పట్టుకోవడానికి జేబురుమాలు తీస్తారు. ఇంతింత చదువులు చదివి ఒక గ్లాసు పట్టుకోలేరు. ఆ మాటకొస్తే పట్నంవాళ్లేం ఖర్మ, తన తోటికోడలంటే చులకన, ఇరుగుపొరుగంటే చులకన, గిన్నె దించడానికి గుడ్డ వెతుక్కునే ప్రతి ఆడదన్నా చులకనే. దానికి కారణముంది. ఆమెది నిప్పుచెయ్యి.

ఆ కొండ మీద పొయ్యి దగ్గర మసిగుడ్డ ఉంచుకోవడమంటే పరువు తక్కువ. పొయ్యి మీది కుండను ఉత్త చేతులతో దించినదే ఆడది. అబ్బా అన్నదానికి 'మసిగుడ్డ' అని పేరు పడుతుంది, మనవలు పుట్టినా ఆ పేరు పోదు. పెళ్లిచూపుల్లో పిల్ల ముందు మరిగే కుండ పెడతారు. ఆమె అవ్వది నిప్పుచెయ్యి, అమ్మది నిప్పుచెయ్యి. "మా వంశంలో మసిగుడ్డ లేదు" అని అమ్మ గొప్పగా చెప్పుకునేది. చిన్నప్పుడు తనకూ కాలేది. ఏడిస్తే అమ్మ నవ్వి "ఉండవే, వస్తుంది" అనేది. అన్నట్టే ఒక వయసు వచ్చేసరికి కాలడం మానేసింది. ఆ రోజు అమ్మ ఊరంతా తిప్పి చూపించింది.

అమ్మకు తరవాత చెయ్యి అలిసింది. అలా అనడమే ఆ కొండ మీద వాడుక. వేళ్లు ముడుచుకుపోయి, కొసలు పుండ్లు పడి, కురచైపోతాయి. అది రోగమని ఎవరూ అనుకోరు. అంత చాకిరీ చేసిన చెయ్యి, అలిసింది. కొందరికి కాలు అలుస్తుంది. అలిసినవాళ్లు పెరటి గదిలో కూర్చుంటారు, కంచం గుమ్మంలోంచి లోపలికి తోస్తారు. దాన్ని విశ్రాంతి అంటారు. అమ్మ విశ్రాంతి తీసుకుని తీసుకుని, ఆ గదిలోనే పోయింది.

మొన్నటి వానల ముందు పట్నం నుంచి ఎవరో ఇద్దరు గొడుగులేసుకుని వచ్చి, ఊరి మొదట్లో నిలబడి "ఇక్కడెవరికైనా కుష్టు ఉందా?" అని అడిగి వెళ్లారు. ఎవరూ అబద్ధమాడలేదు. ఆ మాటే ఎరగని చోట ఆ రోగం ఎవరికుందని చెబుతారు? అలసటేమైనా ఉందా అని అడిగుంటే ఇంటింటికీ తీసుకెళ్లి చూపించేవాళ్లు. అడిగినవాళ్లు అడగాల్సింది అడగలేదు, చెప్పినవాళ్లు అడిగిందానికి చెప్పారు. బోర్డు తయారైంది.

సరే, భోజనాలు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నాక వంటావిడ కుతకుత ఉడికే పప్పుగిన్నెను రెండు అరచేతులతో ఎత్తి, తాపీగా నడిచొచ్చి బల్ల మీద పెట్టింది. వాచ్‌మన్ ఆమెకు మరిది. ఆ వంశప్రతిష్ఠలో తనకూ వాటా ఉన్నట్టు మీసం దువ్వాడు. "మా వదినది నిప్పుచెయ్యండి. గుడ్డ ముట్టదు."

బోర్డాయన నోరు తెరిచి, గిన్నె అంచు మీద వేలు పెట్టి, చటుక్కున తీసి నోట్లో పెట్టుకున్నాడు. "చూశారా! ఇదీ ఆరోగ్యమంటే! మనం మందులు మింగి బతుకుతున్నాం, వీళ్లు నిప్పును మింగి బతుకుతున్నారు. ఏదీ, ఫోటో తియ్యవయ్యా!"

అప్పుడే కూరగిన్నె పట్టుకుని కూతురు వచ్చింది. ఓణీ వేసే ఈడు పిల్ల. తల్లిలాగే ఉత్త చేతులతో, తల్లిలాగే తాపీగా. వంటావిడ ఒళ్లు పులకరించింది. మొన్నమొన్నటిదాకా దొంగచాటుగా కొంగు వాడేది, ఇదెప్పుడు నేర్చింది!

"నాక్కూడా వచ్చేసిందే అమ్మా" అంది పిల్ల చెవిలో.

"తల్లికి తగ్గ కూతురు!" అని చప్పట్లు కొట్టాడు బోర్డాయన. ఫోటోలవాడు కొట్టాడు. మరిది కొట్టాడు.

కొట్టనిది ఒక్క డాక్టరమ్మే. బల్ల చివర కూర్చున్న కుర్రడాక్టరు. పప్పు వాసనలో ఇంకేదో కమురు వాసన తగిలినట్టు ఆమె కళ్లు గిన్నె మీంచి చేతుల మీదికి, చేతుల మీంచి పిల్ల మోచేతి పైన పాలిపోయిన మచ్చ మీదికి వెళ్లాయి.

"సార్, ఆ చేతులు ఒకసారి..."

"అమ్మా డాక్టరమ్మా! భోజనాల దగ్గరా? ఇవాళ శుభమా అని వచ్చాం. తిను."

డాక్టరమ్మ తల వంచుకుంది. కాసేపటికి కంచం ముందుకు చాపి "ఇంకొంచెం పప్పు వెయ్యండి" అంది. ఆ చూపులెలా ఉన్నా ఆకలి బాగానే ఉందనుకుని వంటావిడ గరిటెడు గుమ్మరించింది.

చెయ్యి కడుక్కునే నెపంతో డాక్టరమ్మ వంటింట్లోకి వచ్చింది. బయట మరిది సుత్తీ మేకులూ వెతుకుతున్నాడు.

"మీ అరచెయ్యి చూపిస్తారా?"

"ఎందుకు? జాతకం చెబుతారా?"

"బొబ్బ లేచింది, చూసుకున్నారా?"

వంటావిడ చూసుకుంది. నిజమే, అరచేతి మధ్య నీటిబొబ్బ. "పొయ్యి దగ్గర పనిచేసే చేతికి బొబ్బలు రాక పువ్వులు పూస్తాయా? మీకలవాటు లేదు గానీ. ఇంతకీ చెయ్యి తుడుచుకోవడానికి గుడ్డ కావాలా? మా దగ్గర గుడ్డలుండవు."

"మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా కాలినా తెలియకపోవడం ఉందా?"

"ఉందా ఏమిటమ్మా, మా వంశమంతా అంతే! మా అమ్మకు చెయ్యి అలిసేదాకా..." అని ఆగింది.

"చెయ్యి అలిసిపోవడమంటే?"

వంటావిడ చెప్పింది. ఇంత చదివినదానికి ఈపాటి తెలియదా అన్న గొంతుతోనే చెప్పింది. వేళ్ల సంగతి, పుండ్ల సంగతి, పెరటి గది సంగతి. ముసలితనంలాంటిదే, కొందరికి ముందొస్తుంది, అంతే. వింటున్నకొద్దీ డాక్టరమ్మ మొహం పాలిపోయింది.

"అది అలసట కాదు. కుష్టు."

"చాల్లెండి! బోర్డు మీద లేదని రాశారుగా? మీ బోర్డు మీరే నమ్మరా?"

డాక్టరమ్మ పిల్లను దగ్గరికి పిలిచి, చీపురులోంచి ఒక పుల్ల తుంచింది. "కళ్లు మూసుకో తల్లీ. నేను పుల్లతో ముట్టుకున్నప్పుడల్లా 'ఆ' అను."

పిల్లకు ఆటలా ఉంది. గట్టిగా కళ్లు మూసుకుని చెయ్యి చాపింది. పుల్ల భుజం మీద తగిలింది. "ఆ!" అని కిసుక్కున నవ్వింది. తరవాత పుల్ల మచ్చ మీదికి వచ్చింది. తగిలింది. ఇంకోసారి తగిలింది. అరచేతి మీద తగిలింది, చిటికెనవేలి మీద గీత గీసింది. పిల్ల బుద్ధిగా, కళ్లు బిగించి, పెదాలు తెరిచి, 'ఆ' అనడానికి సిద్ధంగా నిలబడి ఉంది.

చివరికి విసుగొచ్చి అడిగింది: "ఇంకెప్పుడు ముట్టుకుంటారు?"

వంటావిడ చేతిలో గరిటె ఉంది. అది కింద పడ్డ చప్పుడయ్యేదాకా జారిందని ఆమెకు తెలియలేదు.

తన సంగతైతే ఎన్నిసార్లయినా కొట్టిపారేసేది. తన చెయ్యి తన గొప్ప. కానీ ఆ పిల్ల అలా కళ్లు మూసుకుని నిలబడ్డ తీరు చూశాక ఆమె కళ్లముందు కదిలింది పెరటి గది. గుమ్మంలోంచి లోపలికి జరిగే కంచం. ఆ కంచం తోసినది తనే. కాలితో తోసింది.

"మా అమ్మలాగా అవుతుందా ఇది?" అంది.

"కానక్కర్లేదు. మాత్రలున్నాయి. ఒక ఏడాది మానకుండా వేసుకుంటే రోగం పోతుంది. పిల్లకు ఇప్పుడిప్పుడే మొదలైంది, స్పర్శ తిరిగి రావచ్చు. మీ చేతికి స్పర్శ వస్తుందని చెప్పలేను. వేళ్లు మాత్రం కాపాడుకోవచ్చు."

"అయితే ఇవ్వండి."

డాక్టరమ్మ గుమ్మం వైపు చూసింది. బయట సుత్తి చప్పుడు మొదలైంది. "ఇవ్వాలంటే పేర్లు ఎక్కించాలి. ఇవాళే... ఆయన ముందు... నేనిది చెబితే నన్ను ఎక్కడికి తోసేస్తారో తెలియదు. ఆయన వెళ్లనివ్వండి. వచ్చే నెల నేనే వచ్చి..."

వంటావిడ ఆమెను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపులో ఇందాకటి వెటకారం మళ్లీ వచ్చి చేరింది.

"అంటే మీకూ మసిగుడ్డ కావాలన్నమాట."

బయటినుంచి బోర్డాయన కేక వినిపించింది. "ఏదీ ఆ నిప్పుచేతి వంటావిడ! బోర్డు పక్కన నిలబెట్టండి. తల్లీ కూతుళ్లు, చేతిలో పొగలు కక్కే గిన్నె! రేపు అన్ని ఆఫీసుల గోడల మీదా ఈ ఫోటోనే!"

వంటావిడ కాసేపు పొయ్యి వంక చూస్తూ నిలబడింది. పేరు బయటికొస్తే ఈ వంటిల్లు పోతుందని ఆమెకు తెలుసు. తన చేతి కూడు ఎవరూ తినరనీ తెలుసు. కొండ మీద ఇన్నాళ్లూ చెల్లిన తన బడాయి అంతా ఒక్క పూటలో బుగ్గిపాలవుతుంది. మరి పిల్ల? పిల్ల ఇంకా చెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది, పుల్ల ఎక్కడ తగిలిందోనని.

పాత చీరముక్క ఒకటి కిటికీ సందులో కుక్కి ఉంటే లాగింది. నాలుగు మడతలు పెట్టింది. మడత సరిగ్గా కుదరలేదు. పుట్టి బుద్ధెరిగాక మసిగుడ్డ పట్టడం అదే మొదలు. గిన్నెను గుడ్డతో పట్టుకుని బయటికి నడిచింది.

మరిది మేకు కొట్టడం ఆపి పకపకా నవ్వాడు. "వదినా! మసిగుడ్డా! ఉండుండు, పైకెళ్లి చెబుతాను, కొండ పగిలేలా నవ్వుతారు!"

"ఆ గుడ్డెందుకమ్మా? ఫోటోకి బాగుండదు. తీసెయ్" అన్నాడు బోర్డాయన.

"చెయ్యి కాలుతుందయ్యా."

"ఇందాక కాలలేదుగా?"

"కాలింది. నాకే తెలియలేదు. ఇదిగో బొబ్బ. మా అమ్మకూ తెలిసేది కాదు. ఇప్పుడు నా పిల్లకు తెలియడం లేదు. మేం దాన్ని నిప్పుచెయ్యి అంటాం, ముసలైతే అలసట అంటాం. మీరు ఇంకేదో అంటారట. ఏమంటారో చెప్పండి డాక్టరమ్మా. మీ బోర్డు మీద రాసే ఉంది, చదివి చెప్పినా చాలు."

అందరూ డాక్టరమ్మ వైపు తిరిగారు. ఆమె చిన్నగా, అయినా అందరికీ వినిపించేలా అంది. "కుష్టు సార్. ఇద్దరికీ. పైన ఊళ్లలో ఇంకా చాలామందికి ఉండి ఉండాలి."

బోర్డాయన అదిరిపడతాడనుకున్నారు. ఊహూ. అలాంటి మనుషులకు అదిరే భాగం ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అలిసిపోతుంది. కొంచెం ఆలోచించి వాచ్‌మన్‌ని అడిగాడు.

"ఈవిడ జీతం ఎవరిస్తారు?"

"రోడ్ల ఆఫీసువాళ్లండి."

"రోడ్ల ఆఫీసు ఎక్కడుంది?"

"పట్నంలోనండి."

"అదీ సంగతి! ఈవిడ పట్నం లెక్కలోకి వస్తుంది. కొండ లెక్క కాదు."

"మరి పిల్ల సార్?" అంది డాక్టరమ్మ.

"పిల్ల తల్లి లెక్క."

"ఇద్దరూ పుట్టిందీ పెరిగిందీ కొండ మీదే కదా సార్!"

"పుట్టిన చోటుకీ రోగానికీ ఏమిటమ్మా సంబంధం? చదువుకున్నదానివి, అలా మాట్లాడొచ్చా?"

ఫోటోలవాడు నసిగాడు. "సార్, మరి బోర్డు ఉంచాలా, తియ్యాలా?"

"ఉంచు. గట్టిగా కొట్టు." అప్పుడుగాని ఆయనకు ఇంకో సంగతి గుర్తు రాలేదు. "ఏవమ్మా... ఆ పప్పు..."

"పప్పు వల్ల రాదు సార్. ఏళ్ల తరబడి, మందు పడని మనిషితో ఒకే గదిలో బతికితే వచ్చే మాట. అన్నం తింటే రాదు. నేను రెండోసారి అడిగి వేయించుకున్నాను."

ఆ మాట ఆయన చెవికెక్కలేదు. అప్పటికే జీపు వెనక్కి పోయి, నోట్లో నీళ్లు పోసుకుని పుక్కిలిస్తున్నాడు. నీళ్లసీసా ఖాళీ అయ్యేదాకా పుక్కిలించాడు. "రేపటినుంచి వంటకి ఇంకొకర్ని చూసుకో" అని మరిదికి హుకుం వేసి, జీపెక్కి, రాత్రి బస చేస్తానన్న మనిషి పొద్దుండగానే దిగిపోయాడు. ఆయన కోసం ఉతికి పరిచిన పక్కదుప్పటి మీద ముడత కూడా పడలేదు.

ఆ మాట వంటావిడ చెవికి మాత్రం ఎక్కింది. చేతులు చూశాక, అంతా తెలిసాక కంచం చాపింది ఈ మనిషి. తను తిండిపోతనుకుంది.

డాక్టరమ్మ జీపెక్కలేదు. "పైన ఊళ్లు చూసి వస్తాను సార్" అంటే ఆయన వద్దనలేదు. జీపు అద్దం ఎత్తేసుకున్నాడు, అంతే. ఆమె సంచిలో మాత్రల అట్టలున్నాయి. బోర్డు కొట్టాక జరగాల్సిన సభలో బల్ల మీద చూపించడానికి తెచ్చినవి. ఒకప్పుడు ఇలాంటి రోగానికి ఇలాంటి మందులుండేవని చెప్పడానికి. వాటి మీది గడువు తేదీ వెలుతురులో తిప్పి చూసి, బాగానే ఉన్నాయంది. పిల్లకు వేరేవి, తల్లికి వేరేవి. మొదటి మోతాదు తన ఎదురుగానే మింగమంది. తల్లి మింగింది. పిల్ల గటగటా నీళ్లు తాగి "చేదుగా లేవే!" అంది.

"ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది. భయపడకండి. చేతికి తెలియనిది కళ్లతో చూసుకోవాలి. పొద్దున్నే, పడుకోబోయే ముందూ, అరచేతులూ పాదాలూ చూసుకోండి. గిన్నె వేడిగా ఉందో లేదో చెయ్యి చెప్పదు కాబట్టి ఉందనే అనుకోండి."

"అలాగే. పైన ఊళ్లలో కుష్టు ఉందా అని అడక్కండి" అంది వంటావిడ. "ఎవరూ చెప్పరు. అలిసినవాళ్లెవరని అడగండి. కుండ బాగా దించేదెవరని అడగండి. పోటీలు పడి వస్తారు. నేనూ వస్తాను, గుడ్డ పట్టుకుని. నవ్వేవాళ్లు నవ్వుతారు."

సాయంకాలానికి మరిది వంటింట్లోకి దర్జాగా వచ్చాడు. వంట తనది కదా ఇక. "జరుగు వదినా. నువ్వు పొయ్యి ముట్టకూడదట, ఆఫీసరుగారి ఆర్డరు."

వంటావిడ జరిగింది. చేతులు కట్టుకుని గోడకు ఆనుకుంది. ఉడికిన అన్నం గిన్నెను మరిది రెండు చేతులతో పట్టుకున్నాడు, ఎత్తాడు, "అబ్బా!" అని వదిలేసి గిరగిరా తిరుగుతూ వేళ్లు చెవులకు పెట్టుకున్నాడు.

"కాలిందా మరిదీ?"

"కాలింది వదినో!"

"అదృష్టవంతుడివి" అని మడత పెట్టిన చీరముక్కను అతని మీదికి విసిరింది. అందులో వెటకారం ఎంతో, అసూయ ఎంతో ఆమెకే తెలియదు. మరిది గొణుక్కుంటూ గుడ్డతో గిన్నె దించాడు. అన్నం అడుగంటింది. వదిన వైపు చూడకుండా తన కంచం పట్టుకుని మెట్ల మీదికి పోయాడు. డాక్టరమ్మ మాత్రం తల్లీ కూతుళ్ల మధ్య పీట వేసుకుని, మాడు వాసన పట్టించుకోకుండా తింది. పప్పు మధ్యాహ్నందే, ఉందా అని అడిగి మరీ వేయించుకుంది.

దీపాలు పెట్టాక వంటావిడ మసిగుడ్డను ఉతికి, పొయ్యి పక్కన మేకుకు తగిలించింది. ఎవరొచ్చినా కనిపించేచోట. పిల్ల అరచేతులు దీపం దగ్గర తిప్పి చూసింది. తనవి కూడా చూసుకుంది. బొబ్బ మీద డాక్టరమ్మ కట్టిన కట్టు శుభ్రంగానే ఉంది.

డాక్టరమ్మ బోర్డాయన పక్క మీద, చెప్పులు కూడా విప్పకుండా నిద్రపోయింది. పొద్దున్నే గుట్ట ఎక్కాలి. గాలికి ఆ గది తలుపు కొట్టుకుంటుంటే వంటావిడ వెళ్లి చప్పుడు కాకుండా దగ్గరికి లాగి, గడియ నెట్టింది. ఇనుప గడియ చల్లగా ఉందో లేదో, పడిందో లేదో చేతికి తెలియలేదు. వంగి, కళ్లతో చూసి, పడిందని నిశ్చయం చేసుకుని వెళ్లి పడుకుంది.